లడ్డూ నుదుట బండారి

జూన్ 2, సోమవారం
ఆసుపత్రి రోజు. రోగుల్ని పలకరించడానికి తీసుకెళ్లే నా కుక్క లడ్డూకి పొద్దున్నే స్నానం. దానికి నీళ్లంటే పండగ, నాకు నడుం విరిగే పని. గోళ్లు తీసి, చెవులు తుడిచి, మెడలో పచ్చ రుమాలు కట్టగానే నడకే మారిపోతుంది దీనికి, డ్యూటీకి పోయే పెద్దమనిషిలా. అలియాబాద్ నుంచి మేడ్చల్ దాకా కారు కిటికీలోంచి గాలి మింగుతూనే ఉంది.

యాదగిరి గారు ఇవాళా మంచం దిగలేదు. బండి మీంచి పడి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయిందంటారు డాక్టర్లు. భయమే వదల్లేదు. "మల్ల పడితే?" — ఎవరేం చెప్పినా అదే మాట. ఫిజియో మేడం బతిమాలింది, కసిరింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. లడ్డూ పోయి పరుపు మీద గడ్డం ఆనించింది. ఇటు తిరిగాడు... కాళ్లు కిందికి దించాడు కూడా! "ఏమే, తిన్నవా?" — నన్ను కాదు, దాన్ని.

జూన్ 5, గురువారం
నిలబడ్డాడు! వాకర్ పట్టుకుని, లడ్డూ మీదే కళ్లు పెట్టి. భార్య లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

వస్తుంటే లిఫ్ట్ దగ్గర ఐసీయూ నర్సమ్మాయి నేల మీదే చతికిలబడి లడ్డూ మెడ చుట్టూ చేతులేసింది. ఏడ్చింది. ఏమైందని నేనడగలేదు, లడ్డూ అసలే అడగదు. లేచి, ముఖం తుడుచుకుని, చేతులు కడుక్కుని డ్యూటీకి పోయింది.

జూన్ 9, సోమవారం
కొంప మునిగింది.

శానిటైజర్ కోసం అటు తిరిగానంతే. లచ్చవ్వ కొంగుముడి విప్పి బండారి — మల్లన్న గుడి పసుపు — తీసి లడ్డూ నుదుటికి రుద్దేసింది. యాదగిరి గారి పళ్లెంలోంచి మొదటి ముద్ద దానికే. "మా ఇంటి దేవుడు మల్లన్న, బిడ్డా. ఆయనెంట కుక్క ఉంటది. గా కుక్కనే మా మంచం కాడికొస్తే ఉత్తగ పంపుతమా?"

వద్దు వద్దనేలోపు లడ్డూ పక్క మంచం మీద తల పెట్టేసింది. మోకాలి ఆపరేషన్ అయిన అమ్మాయి. కట్టు నిండా పసుపు. ఇన్‌ఫెక్షన్ల సంగతి చూసే సిస్టర్ వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆసుపత్రి కమిటీ తేల్చేదాకా కుక్క గేటు దాటి రావద్దండీ."

లచ్చవ్వ మీద పీకల్దాకా కోపం. ఆమె ముఖం చూస్తే నిలవదు. అదీ చిరాకే.

జూన్ 10
వంటింట్లోకి, వాకిట్లోకి, మళ్లీ వంటింట్లోకి... ఏ పనీ ముట్టబుద్ధి కావట్లేదు. లడ్డూ నా వెంటే. అందరికీ నిమ్మళం పంచే కుక్క, నాకు మాత్రం పంచదు.

జూన్ 12, గురువారం
లచ్చవ్వ ఫోన్. "మల్ల గోడదిక్కే మల్లిండు బిడ్డా. తింటలేడు. గిదంత నేను జేసిందే. మల్లన్నకు మొక్కాల్నన్నా భయమైతాంది."

సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆ మోకాలి ఆపరేషన్ అమ్మాయి బాగానే ఉందట. "ఏమన్నా అయ్యుంటే?" అంది. నిజమే. నిజం కాబట్టే ఒళ్లు మండింది.

జూన్ 13
శామీర్‌పేట చెరువు దాకా లడ్డూని తిప్పుకొచ్చా. దానికోసం కాదు, నాకోసం. దారిలో ఫిజియో మేడం ఫోన్. "కుక్క గేటు లోపలికి రావద్దన్నరు గని, యాదగిరి గారు గేటు దాంక రావద్దనలే గద! సోమవారం తీస్కరాండ్రి."

జూన్ 16, సోమవారం
గేటు బయట, టీ బండి పక్కన, నేనూ లడ్డూ. ముందు ఖాళీ వీల్‌చైర్ కనబడింది. దాని వెనకాల, దాన్ని తోసుకుంటూ యాదగిరి గారు! పక్కన మేడం. ఇంకోపక్క లచ్చవ్వ, చేతులు చాచి, పట్టుకోకుండానే పట్టుకున్నట్టు.

లడ్డూ తోకతో నా కాళ్లు వాయిస్తోంది. బెల్టు బిగించి పట్టుకున్నా. సగం దూరం వచ్చి ఆగాడు. కుర్చీ పిడుల మీదికి వాలాడు. లచ్చవ్వ అరిచింది, "కుక్కనే ఇటు తోలు బిడ్డా!"

"వద్దు. ఆడనే ఉండనీ. నేనే వస్తున్న."

ఇంకొంచెం వచ్చాడు. ఇక కాలేదు. కుర్చీలో కూలబడ్డాడు. లడ్డూ వైపే చూస్తూ, "రేపొస్త. నువ్వు గాడనే ఉండు."

జూన్ 17, మంగళవారం
పొద్దున్నే సిస్టర్ ఫోన్. కమిటీ ఒప్పుకుందట. "ఇవాళ్టి నుంచే రావచ్చండీ, మంచం దగ్గరికే." ఎంత సంతోషంగా చెప్పిందో పాపం. కాలుగాలిన పిల్లిలా తిరిగింది దీనికోసమే కదా నేను. థాంక్స్ అన్నాను.

మంచం దగ్గరికే పోతే ఆయనెందుకు నడుస్తాడు? లోపలికి రానంటే — ఆ ఐసీయూ నర్సమ్మాయి సంగతి? గేటు దగ్గరే నిలబడితే... ఇవాళా మధ్యలోనే కూలబడితే? నిజంగానే మళ్లీ పడితే?

లడ్డూ పచ్చ రుమాలు నోట కరుచుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి. గేటు దగ్గరే ఆగాలో, మంచం దాకా పోవాలో ఇంకా తేలలేదు —