రెండో బద్ద

నవంబర్ 9, ఆదివారం

ఓర్వకల్లులోని మా వేరుశనగ చేని నుంచి కొత్త చెనక్కాయలు వచ్చాయి. నా భార్య రమణి ఒక బాణలి నిండా వేయించి, మిగతావి ఎండబెట్టడానికి మిద్దె మీదికి పోయింది. కోడలు శిల్ప స్నానానికి పోతూ, చిన్నోణ్ణి చూస్తాండు మామా, గింజలు మాత్రం పెట్టొద్దు, వానికి నమిలేది రాదు అంది. మనవడికి మొన్ననే రెండేళ్లు నిండాయి. నాకు చెబుతుందా అనుకున్నాను. కల్లూరులో ముప్పై ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నవాణ్ణి. ఇక్కడ సగం మంది డాక్టర్ కంటే ముందు నా దగ్గరికే వస్తారు.

పొట్టు తీసి ఒక గింజ వాడి నోట్లో పెట్టాను. ఒక్కటే. బుగ్గన పెట్టుకుని నవ్వాడు. ఎత్తి పైకి ఎగరేశాను. ఇంకా నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ముందు దగ్గు. తర్వాత దగ్గు కూడా లేదు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. వేలు పెట్టి తీయబోయాను, అందలేదు. మోకాలి మీద బోర్లా వేసుకుని వీపు మీద చరిచాను. చరుస్తూనే ఉన్నాను. ఒక బద్ద నేల మీద పడింది. వాడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని నా ప్రాణం లేచొచ్చింది.

నేను పెట్టింది పూర్తి గింజ. కింద పడింది ఒక బద్ద. రెండోది మింగేసి ఉంటాడు. మింగేసే ఉంటాడు.

శిల్ప తల తుడుచుకుంటూ వచ్చి, ఎందుకు ఏడుస్తాండాడు మామా అని అడిగింది. కింద పడ్డాడని చెప్పాను. బద్దను కాలితో మంచం కిందికి తోశాను.

నవంబర్ 10

బాగున్నాడు. ఇల్లంతా పరిగెత్తుతున్నాడు. ఇక దీని గురించి రాయను.

నవంబర్ 14

దగ్గు. చలి మొదలైతే పిల్లలకు మామూలే. షాపు నుంచి సిరప్ తెచ్చి నేనే కొలిచి తాగించాను. తాగుతూ తాగుతూ వాడు నవ్వబోతే చెంచా వెనక్కి లాగేశాను.

నవంబర్ 17

వాడు నిద్ర లేచేసరికి పిల్లికూతలు. ఊపిరి వదిలేటప్పుడు సన్నగా ఈల. షాపులోని నెబ్యులైజర్ ఇంటికి తెచ్చి మాస్క్ పెట్టాను. కాస్త తగ్గింది. మధ్యాహ్నానికి మళ్లీ మొదలు.

రమణి శిల్ప మీద పడింది. ఫ్రిజ్‌లో పెరుగు పెట్టినావు, ఫ్యాను కింద పండబెట్టినావు అని. అవి చాలక, మీ నాయనకు ఉబ్బసం ఉండాది గదా, అది యాడికి పోతాది, పిల్లోనికి వచ్చింటాది అంది. శిల్ప మాస్క్ పట్టుకుని కూర్చుంది. నేను పక్కనే పేపర్ చదువుతున్నాను. ఏం చదివానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. సిగ్గులేని మనిషిని.

నవంబర్ 19

పిల్లల డాక్టర్ దగ్గరికి పోయాం. నాకు బాగా తెలిసిన మనిషే. ఏమైనా మింగాడా, గొంతులో అడ్డం పడిందా అని అడిగాడు. శిల్ప నా వైపు చూసింది. ఆ రోజు ఏడుపు గుర్తొచ్చిందేమో. ఆమె నోరు తెరవకముందే, అబ్బే, అలాంటిదేం లేదు సార్ అనేశాను. చెప్పింది నేను కాబట్టి ఆయన మళ్లీ అడగలేదు. ఆస్తమా కావచ్చన్నాడు. ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం రాశాడు. ఫ్యామిలీలో ఎవరికైనా ఉందా అన్నాడు. మా నాయనకు ఉండాది సార్ అని శిల్పే చెప్పింది.

నిజం చెప్పిన మనిషి తల దించుకుంది. అబద్ధం చెప్పినవాడు డాక్టర్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చి వచ్చాడు.

నవంబర్ 20

మంచం కింద వెతికాను. ఎప్పుడో ఊడ్చేశారు.

నవంబర్ 23, ఆదివారం

శిల్ప వాళ్ల నాయన దాసన్న కోసిగి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. సంచిలో జామకాయలు. గడప దగ్గరే నిలబడ్డాడు. మనవణ్ణి ఎత్తుకోలేదు. దగ్గు వస్తే అటు తిరిగి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఉబ్బసం అంటుకునే జబ్బు కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను ఎదురుగానే ఉన్నాను.

పోయేముందు నన్ను పక్కకు పిలిచి, మా జబ్బు మీ ఇంటికి తెస్తిమి బావా, మా శిల్పను ఏమనాకండి, దాని తప్పేమీ లేదు అన్నాడు. చేతులు జోడించాడు.

ఊర్కో బావా అన్నాను. ఊర్కో! నా నోటికి వచ్చింది అదే. ఆయన నీళ్లు తాగిన గ్లాసు ఇంకా ఇక్కడే ఉంది. దాన్ని చూస్తూ రాస్తున్నాను. ఈ ఓబుళేశు మందు ఇస్తే తిరుగులేదని కల్లూరులో పేరు. ఆ పేరు పోతుందని పిల్లాడి ఊపిరి పణం పెట్టాను. ఇది రాయడానికి చెయ్యి రాలేదు. అయినా రాశాను.

నవంబర్ 24

పొద్దున జ్వరం. డొక్కలు ఎగరేస్తున్నాడు. పెద్దాసుపత్రికి పోయాం. కొడుకు భూపేష్ సోలార్ కంపెనీకి లీవ్ పెట్టి వచ్చాడు.

డాక్టరమ్మ స్టెత్ పెట్టి శానాసేపు విన్నది. ఉబ్బసమైతే రెండు పక్కలా కూత ఉండాల, ఈనికి కుడిపక్కనే ఉండాది అంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి ఉబ్బి కనిపించింది. గాలి లోపలికి పోతోందట, బయటికి సరిగ్గా రావడం లేదట. గింజలాంటిది ఉంటే ఎక్స్‌రేలో కనపడదు, ఇంట్లోవాళ్లు చెప్తేనే తెలుస్తాది, బాగా గుర్తు చేసుకోండి అంది.

రమణి లేదంది. భూపేష్ శిల్ప వైపు తిరిగి, నువ్వేమన్నా పెట్టినావా అని గద్దించాడు.

అప్పుడు చెప్పాను. చెనక్కాయ గింజ, నేనే పెట్టాను, వద్దన్నా పెట్టాను, ఒక బద్దే బయటికి వచ్చింది అని. 

డాక్టరమ్మ తిట్టలేదు. ఎప్పుడని అడిగి రాసుకుంది. వేలు పెట్టినారా అంది. పెట్టానన్నాను. అట్ల చేస్తే ఇంకా లోపలికి పోతాది, ఎప్పుడూ చేయొద్దు అంది. భూపేష్ లేచి బయటికి పోయాడు. రమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శిల్ప మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయింది. తిడితే బాగుండేది.

నవంబర్ 25

బ్రాంకోస్కోపీ. మత్తు ఇచ్చి ఊపిరితిత్తిలోకి గొట్టం దించారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా నాకు కూర్చోబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ చిన్న సీసా తెచ్చి చూపించింది. ఉబ్బి, మెత్తబడి, నల్లబారిన బద్ద. మా చేని చెనక్కాయే. దానిచుట్టూ వాచిందట, యాంటీబయాటిక్ పడాలట, ఊపిరితిత్తి కోలుకుంటుందట. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేనంది. అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. నాకు చేతులు లేవలేదు.

నవంబర్ 28

ఇంటికి వచ్చాం. వాడు నిద్రపోతుంటే ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. రెండు పక్కలా ఒకటే చప్పుడు.

శిల్ప ఇన్నాళ్లకు నాతో మాట్లాడింది. మా నాయనకు నువ్వే ఫోన్ చేసి చెప్పు మామా అంది. అంతే.

చేశాను. దాసన్న అంతా విన్నాడు.  తర్వాత, అయితే మా జబ్బు కాదు గదా బావా, ఇంక పిల్లోని ఎత్తుకోవచ్చునా అని అడిగాడు.

షాపు వెనక గదిలోకి పోయి ఏడ్చాను.

డిసెంబర్ 6

షాపు నిండా జనం. అత్తాకోడళ్లు ఒక పిల్లతో వచ్చారు. దగ్గు తగ్గడం లేదు, సిరప్ ఇయ్యన్నా అని కోడలు అడిగింది. చెనక్కాయలేమైనా తినిందా అన్నాను. లేదన్నా అంది.

సిరప్ మళ్లీ షెల్ఫులో పెట్టేశాను. నా మనవనికి నేనే పెట్టినానమ్మా, పెట్టి లేదని చెప్పినాను, వాడు చావుదాకా పోయినాడు అన్నాను. అందరికీ వినపడేలాగే.

కోడలి వెనక నిలబడ్డ అత్త అంది. నేనే పెడితినప్పా, రెండు గింజలు.

షాపు మూసి వాళ్లతోపాటు పెద్దాసుపత్రికి ఆటో ఎక్కాను.