పేరు చెక్కిన మూత

పాల్వంచ,
8 ఏప్రిల్ 2025, మంగళవారం.

గౌరవనీయులైన పగిడయ్య బాబాయ్ గారి సముఖానికి,

ఏన్కూరు దగ్గరి తండా వాస్తవ్యుడు, భీమ్లా గారి రెండో కొడుకు, బీకాం ఎలాగో పాసైన జగదీష్ ఒకసారి నమస్కరించి, అది చాలదేమోనని ఇంకోసారి నమస్కరించి రాసేది ఏమనగా:

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం పొడుగవుతున్నందుకు క్షమించండి. నా రాత కోడి గెలికినట్టు ఉన్నందుకు క్షమించండి. నవమి జనంతో భద్రాచలం బస్సులు ఇంకా కిటకిటలాడుతుంటే, మనిషిని రాలేక కాగితాన్ని పంపుతున్నందుకు క్షమించండి. పోయిన వానాకాలం గోదావరి పొంగినందుకు, ఈసారి ఎండలు ముందే ముదిరినందుకు, మీ ఊరి సెల్‌ టవర్ ఇంకా లేవనందుకు కూడా మన్నించండి. వీటిలో దేనిలోనూ నా చెయ్యి లేదు. కానీ ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదా అని అన్నీ నా నెత్తినే వేసుకుంటున్నాను.

ఈ ఉత్తరం మీ అబ్బాయి రామకృష్ణ అన్న చేతికిస్తున్నాను. పవర్ ప్లాంటులో ఉదయం షిఫ్టు దిగి మా రూముకే వస్తాడు, టీ తాగుతాడు, మీ ఇంటి సంగతులు చెబుతాడు. ఊరి పెద్దలను కూడా కూర్చోబెట్టి, వాళ్ల ముందర గట్టిగా, ఆఖరి అక్షరం దాకా చదవమని చెప్పాను. మధ్యలో ఆపితే టీ బంద్.

ఇంకో మాట. మిమ్మల్ని బాబాయ్ అనడం వెనక చరిత్ర ఉంది. మొదట్లో మామా అందామనుకున్నాను. మీ అమ్మాయి నాగలక్ష్మి విని, మామా అని పిల్చినవంటే పార్ట్‌నర్‌షిప్ ఉండదు, పంచాయితీ ఉంటదని హెచ్చరించింది. కనుక మీరు బాబాయ్, చిన్నక్క గారు పిన్ని, నాగలక్ష్మి నన్ను చెవి మెలిపెట్టే అధికారం గల చెల్లెలు.

ఇక వ్యవహారం. పెద్దల కోసం మొదటి నుంచి చెబుతున్నాను.

నేనూ నాగలక్ష్మీ ఖమ్మంలో వెంకటనారాయణ సారు దగ్గర రెండేళ్లు దుకాణాల లెక్కలు రాశాం. ఇక మనమే ఒక ఆఫీసు పెట్టుకుందాం, పాల్వంచలో కిరాణా కొట్ల వాళ్లకు, చిన్న కాంట్రాక్టర్లకు, మహిళా సంఘాలకు లెక్కలు రాసిపెడదాం అనుకున్నాం. కిరాయికి ఒక రూము దొరికింది. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను ఎవరు ఎక్కువ పని చేస్తే వాళ్ల వైపు తిరుగుతుందని నాగలక్ష్మి నమ్మకం. నా వైపు ఇంతవరకూ తిరగలేదు. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలనే చర్చ వచ్చినప్పుడు, అక్షరమాలలో జ ముందా న ముందా అని నేను అడిగాను. ముందు పేరున్నోళ్లే ముందు తిట్లు తినాలె, ఓకేనా అని ఆమె అడిగింది. బోర్డు మీద "నాగలక్ష్మి అండ్ జగదీష్" అని రాయించాం.

ఒప్పంద పత్రం సారే చెప్పి రాయించాడు. మాకు తన దీవెన అదే అన్నాడు. ఒక చోట ఆగి, ఒక భాగస్వామి చేసిన పనికి రెండో భాగస్వామి కూడా జవాబు చెప్పాలి అని రాయమన్నాడు. నాకు తెల్వకుండ చేసినా గూడనా సార్ అని నాగలక్ష్మి అడిగింది. తెలియకుండా చేసినా అంతేనమ్మా, పైగా నువ్వు కలుస్తున్నది జగదీష్‌తో, ఇంటికెళ్లి బాగా ఆలోచించుకో అన్నాడు సారు. ఆమె ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, ఆ వాక్యం రాసేసింది.

ఉగాది రోజు సారు ఇంటికి పిలిచాడు. సారు భార్య నిర్మలాదేవి మేడమ్ అందరికీ పచ్చడి పోసింది. నేను మూడో గిన్నెలో ఉండగా చూస్తే, నాగలక్ష్మి గిన్నె నిండుగా అలాగే ఉంది. ఏంది, చేదా అని అడిగాను. దీంట్ల మామిడికాయ ఉంది, మా ఊర్ల ఇంక కొత్తలు కాలె అంది.

బాబాయ్, నాకు అప్పటిదాకా తెలియదు. మీ ఊళ్లో అందరూ కలిసి పండుగ చేసి, కొత్త కాయను ముందు దేవతకు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరని ఆమే చెప్పింది. మీ ఊరు అడవి అవతలుంది, ఇక్కడ ఖమ్మంలో ఎవరు చూస్తారు అన్నాను. నాకు కనబడ్తది గద అంది. గిన్నె నా ముందుకు జరిపింది. నేను తాగేశాను, నా దేవతలు వేరు కాబట్టి. మా తండాలోనూ తీజ్ పండుగ మొలకల బుట్టలను పెళ్లికాని ఆడపిల్లలు తప్ప ఎవరూ ముట్టరు. చిన్నప్పుడు నేను ముట్టబోతే మా తాత సోమ్లా చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. ఎందుకు ముట్టొద్దని అడిగితే ఇంకొకటిచ్చాడు. అందువల్ల ఎందుకు అనే ప్రశ్న నాలో అలాగే మిగిలిపోయింది.

పోయిన బుధవారం మేమిద్దరం మీ ఊరు రావడం మీకు తెలిసిందే. శుక్రవారం పత్రం మీద సంతకాలు, సాక్షిగా మీరుండాలని నాగలక్ష్మి పట్టుదల. బస్టాండులో కీర ముక్కలు కొనుక్కున్నాం, దారిలో ఆమె డబ్బాలోని పెరుగన్నం తిన్నాం. మేం వచ్చేసరికి మీరు చేలో ఉన్నారు. నాగలక్ష్మి మీ అక్క ముత్తక్క గారిని పలకరించడానికి పోయింది. నన్ను మీ పెరటి మామిడి కింద మంచం వేసి కూర్చోబెట్టారు. అంత నీడ, అంత గౌరవం నాకు మా ఇంట్లో కూడా దొరకవు.

మీరొచ్చారు, భోజనం పెట్టించారు. పిన్ని నాటుకోడి కూర వండితే నేను నమలలేక తంటాలు పడ్డాను. పన్ను నొప్పి అంటే పిన్ని పాపం లవంగం తెచ్చి ఇచ్చింది. అప్పుడే మిమ్మల్ని అడిగాను, చెట్టు మీదే కదా, కాయ తినడానికి ఊరంతా ఎందుకు అని. మీరు ఏమీ కోపం తెచ్చుకోలేదు. చెట్టు మాదే బిడ్డా, కాయ మా ఒక్కలదే గాదు; ముందుగాల తిన్నోనికి కాయ దొర్కుతది, ఊరు దొర్కది అన్నారు. పార్ట్‌నర్‌షిప్ గురించి సారు రెండేళ్లు చెప్పినదానికంటే ఇది పొట్టిగా ఉందని నేను మనసులో రాసుకున్నాను. సాక్షిగా వస్తానని మాటిచ్చారు. నాగలక్ష్మి రాత్రికి అక్కడే ఉండిపోయింది, నేను సాయంత్రం బస్సుకు పాల్వంచ వచ్చేశాను.

శుక్రవారం మీరు రాలేదు. నాగలక్ష్మీ రాలేదు. రామకృష్ణ అన్న వచ్చి, టీ కూడా అడక్కుండా కూర్చున్నాడు. ఆయన చెప్పింది ఇదీ.

గురువారం పొద్దున ముత్తక్క గారు పెరడు ఊడుస్తుంటే మామిడి మొదట్లో లేత కాయ తొక్కలు, కొరికి పారేసిన జీడి, పక్కన ఒక స్టీలు మూత దొరికాయట. మూతకు ఉప్పుకారం అంటుకుని ఉందట. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు: నాగలక్ష్మి. కొత్తల పండుగ ఏ రోజో నిర్ణయించే పెద్దల్లో మీరొకరు. మీ ఇంట్లోనే కొత్తలు తప్పాయని ఊరు ఊరంతా మీ ముఖం చూసిందట. ఈ మూత నీదేనా అని మీరు అడిగితే ఆమె, అవ్, నాదే అంది. అంతే. తిన్నానని అనలేదు, తినలేదని అనలేదు. మీరు మాత్రం, ఊరి కట్టు నిలపనిది ఊరోళ్ల లెక్కలేం నిలుపుతది, పాల్వంచ లేదు, ఆఫీసు లేదు, ఇంట్ల కూసో అన్నారట. ఆమె కూర్చుంది.

బాబాయ్, ఇక్కడ ఫ్యాను ఖాళీ కుర్చీ వైపే తిరుగుతోంది. మా మొదటి గిరాకీ, బట్టల కొట్టు చందూలాల్ సేటు, రోజూ వచ్చి ఆ అమ్మాయి ఏది అంటాడు. నీ మొహం చూసి నా దుకాణం లెక్కలు ఇస్తానన్ననా, ఆమె రాకుంటే ఖమ్మంలనే రాపిచ్చుకుంట అంటాడు. ఈ నెలలోపు సంతకాలు కాకపోతే రూము వేరేవాళ్లకు ఇస్తానని యజమాని అంటున్నాడు. నాకైతే మా అన్న ట్రాక్టరు మీద పని ఎప్పుడూ ఉంది. నాగలక్ష్మికి మాత్రం డిగ్రీ మొదటేడు నుంచీ ఉన్న కల ఇదొక్కటే.

కనుక సత్యశోధన నా మీద పడింది. కోతుల మీద మొదటి అనుమానం వచ్చింది. కోతికి ఉప్పుకారం అద్దుకుని తినే అలవాటుందా అని ఫారెస్టు గార్డును అడిగాను. ఏంది తమ్మీ, ఎండ గిట్ల తగిలిందా అని మంచినీళ్లు ఇచ్చాడు. కోతులు నిర్దోషులు. ఇక నాగలక్ష్మి. ఊరు కనబడని చోట, దేవత కూడా సెలవులో ఉండే ఖమ్మంలో, పచ్చడిలో ముక్క ముట్టని మనిషి మీ పెరట్లో, మీ చెట్టు కాయ కోసుకుని తింటుందా? పైగా తన పేరు చెక్కిన మూత అక్కడే పెట్టి పోతుందా? లెక్కల్లో ఒక్క కాగితం ఇటు అటు అయితే మూడు రోజులు నాతో మాట్లాడని మనిషి!

నాకు అంతుపట్టనిది ఒక్కటే. తినలేదు అనే చిన్న మాట ఆమె ఎందుకు చెప్పలేదు? సగం లెక్క చూపించి లేవడం ఆమె పద్ధతి కాదు. నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. నిన్న టేబుల్ సర్దుతుంటే ఆ ఒప్పంద పత్రం చేతికొచ్చింది. సారు ఆగి రాయించిన వాక్యం దగ్గర నా కళ్లు ఆగాయి. అక్కడ నాకు జవాబు దొరికింది. దొరికాక అన్నం సహించలేదు.

మీ అమ్మాయిని పంపించండి బాబాయ్. ఊరి కట్టు ఆమె తప్పలేదు. నేను చూసిన మనుషుల్లో దాన్ని ఖమ్మం దాకా మోసుకొచ్చింది ఆమె ఒక్కతే.

పిన్నికి, ముత్తక్క గారికి, పెద్దలందరికీ దండాలు.

ఇట్లు,
బోర్డు మీద రెండో పేరు,
జగదీష్

తా.క. రామకృష్ణ అన్నా, ఇది ఇంకొంచెం గట్టిగా చదువు.

నవమి జనం వల్ల రాలేదని పైన రాశాను. ధైర్యం చాలక రాలేదు.

పిన్నీ, నాకు పన్ను నొప్పి లేదు. పులుపుకు పళ్లు జివ్వుమని కూర నమలలేకపోయాను. మీరు లవంగం ఇచ్చినప్పుడే చెప్పాల్సింది. ఉగాది నాటి నుంచి నాకు ఒకటే ప్రశ్న: తింటే ఏమవుతుంది? మంచం మీద పడుకుంటే కొమ్మ చేతికందేలా ఉంది. కీర ముక్కలతో వచ్చిన ఉప్పుకారం పొట్లం జేబులో ఉంది. నాగలక్ష్మి టిఫిను నా పక్కన ఉంది. ఆ మూత పట్టే డబ్బా సాయంత్రం బస్సులో నాతోనే వచ్చేసి, ఇప్పుడు నా టేబుల్ మీద, మూత లేకుండా ఉంది. అది నా దగ్గరుందని ఆమెకు తెలుసు. తెలిసే నోరు విప్పలేదు.

తింటే ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది. నేను తింటే నాగలక్ష్మి మీద తప్పు పడుతుంది. సంతకం పెట్టకముందే ఆమె భాగస్వామి అయింది. నేను ఇంకా కాలేదు.

ఆదివారం మా నాన్నను వెంటబెట్టుకుని, ఒక కోడితో, ఆ డబ్బాతో వస్తున్నాను. ఊరు తప్పు కింద ఏ జరిమానా వేస్తే అది కడతాను.

కాయ కోసింది నేను. తిన్నది నేనొక్కణ్ణే.