టర్కీ కోళ్లకు కంది పొట్టు

రత్నమ్మా,

నువ్వు చనిపోయాక మొదటి క్రిస్మస్ ఇది. దొరసాని బంగళా పండుగకు మనం పెంచే టర్కీ కోళ్లు జల్దీ బలవాలని ఉత్త జొన్నలే పోశాను. అవి నీళ్లలా రెట్ట వేసి రెక్కలు వేలాడేశాయి.

"అమ్మ కంది పొట్టు, తోటకూర కలుపుతుండె గదా నాయినా, మరిచినవా?" అని మన సుగుణ కసిరింది.

కలిపాక రెట్ట గట్టిపడింది. ఈ పొద్దున నీలాగే వాటి మెడ కింది సంచులు నొక్కి చూశాను. రాత్రి మేతంతా అరిగి మెత్తగా ఉన్నాయి.

మధ్యాహ్నం బంగళా వంటవాడొచ్చి, "మస్తు బలిసినయ్" అంటూ అన్నిటినీ కోతకు పట్టుకుపోయాడు.

కోళ్లు కోతకు పోయిన రోజు నువ్వు పొయ్యి వెలిగించేదానివి కాదు. ఆకలికి నేను అరిచేవాణ్ణి. ఇవాళ సుగుణ పొయ్యి దగ్గరికి వెళ్తే వద్దన్నాను.