ముద్ద నమిలిన పిల్ల

సుగుణా,

నువ్వు లేకుండా ఏడాది నిండిన ఈ పొద్దున చాకవేలు ఊరంతా మంచులో తేలుతున్నట్టుంది. మిజోరం నుంచి సేవ నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన రూతును వెంకటమ్మ ఇంటికి తీసుకెళ్లాను. కొత్త మిషనరీలకు వాక్యం కన్నా ముందు రాగిముద్ద మింగడం నేర్పేదానివి నువ్వు. ఈ పిల్లేమో కలలో ఉన్నట్టు నములుతూనే ఉంది.

ఇన్నేళ్లూ మనకు వసారాలోనే వడ్డించి దూరంగా నిలబడిన వెంకటమ్మ, ఈ రోజు వచ్చి రూతు పక్కన కూర్చుంది. "నమలకూడదమ్మా, పులుసులో అద్దుకోని మింగల్ల," అంటూ ఆ పిల్ల కంచంలోనే చెయ్యి పెట్టి చూపించింది.

నేను తెల్లబోయి చూస్తుంటే, "నేర్పిచ్చే ఆయమ్మ లేదు గదప్పా," అంది.

రూతు మింగింది. నేను మాత్రం మంచులోకి చూస్తూ, చెయ్యి ఎండేదాకా కంచం ముందే కూర్చుండిపోయాను.