తిన్నది గోడమీద రాయి

ఓబులమ్మా,

కరువు పనిలో రాళ్లు కొట్టడానికి కోడుమూరు పోతున్నాను. జొన్నపిండి కుండలో ఉంది. పిల్లలతోపాటు నువ్వూ తిను. రోజూ తిన్నాక పొయ్యి పక్క గోడమీద సుద్దతో రాయి. సంగటైతే సంగటి, గంజైతే గంజి. తినకపోతే ఊరికే రాయొద్దు. నాలుగు రోజులు రాసి మానేయకు. వానలు పడి పంట ఇంటికొచ్చినా రాయాలి.

మన అమ్మ రోజూ "నేను తినిండాలే నాయనా, మీరు తినండి" అనేది. ఆమె పోయినప్పుడు నీళ్లు పోసిన ఆడవాళ్లు "కడుపు వీపుకు అంటుకపోయిండాది" అని ఏడ్చారు. నిన్న నువ్వు "నేను తినిండాలే అన్నా" అంటే అచ్చం అమ్మ గొంతే వినిపించింది. తలెత్తి నీ ముఖం చూడడానికి భయపడ్డాను.

మూకుడు కింద సంగటి ముద్ద పెట్టాను. అది నీకు. పిల్లలు అడిగినా ఇవ్వొద్దు.