రాహుకాలం వస్తోందని మధ్యలో ఆపేసిన గుండె పరీక్ష

నందిగామలో ఉన్న అన్నయ్యకు, మస్కట్ నుంచి చెల్లెలు రమ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ అందరూ బాగున్నారా అని అడగడం ఆనవాయితీ గనుక అడుగుతున్నాను. నువ్వు బాగున్నానని మాత్రం చెప్పకు, నమ్మను.

ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం కొట్టు చిరునామాకు పంపుతున్నాను. గల్లాపెట్టె దగ్గర కూర్చుని చదవక ఎక్కడికి పోతావు?

నీ ట్రెడ్‌మిల్ పరీక్ష రిపోర్టు వదిన పంపింది. గుండె రాయిలా ఉంది, ఒకటో తారీఖు నుంచి జిమ్ అని బజారంతా చెప్పుకుంటున్నావట. నేను పనిచేసే క్లినిక్‌లో డాక్టరు గారికి చూపించాను. గుండె వేగం పెరగాల్సినంత పెరగకముందే పరీక్ష ఆగిపోయిందట. దీన్నిబట్టి గుండె బాగుందనీ చెప్పలేం, బాగాలేదనీ చెప్పలేం అన్నారు. ఎందుకు ఆపారమ్మా అని అడిగారు.

వదినను అడిగితే తెలిసింది. "రాహుకాలం వచ్చేస్తోందయ్యా, ఇక ఆపెయ్" అన్నావట. "ఇంకా అవలేదండీ, దిగొద్దండీ" అని టెక్నీషియన్ మొత్తుకుంటున్నా దిగిపోయావట. సిగ్గుగా లేదూ? ఈ మాట డాక్టరు గారితో చెప్పలేక, కాళ్లు లాగాయట అని అబద్ధమాడాను. నీ పరువు కాపాడినందుకు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

కొట్టు మేడ మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలో కూలబడుతున్నావని వదిన ఏడ్చింది. అలాంటివాడివి బరువులెత్తుతావా? ముందు ఆ గుండె డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లు. మెట్ల సంగతి దాచకుండా చెప్పు. పరీక్ష మళ్లీ చెయ్యాలంటే రాహుకాలం పోయాకే వెళ్లు, దిగడానికి సాకుండదు. ఆయన సరే అనేదాకా జిమ్ గడప తొక్కావో, ఊరుకోను.

ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. గదికొస్తే పలకరించే మనిషి లేదు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అందింది. చూస్తేనే నోరూరుతోంది కానీ మూత తియ్యలేదు. పరీక్ష పూర్తయిందని వదిన చెప్పాకే తింటాను.

జగ్గయ్యపేట పెద్దత్తయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. చివర్లో నీ ఆశీస్సులు కోరాలి. నాన్న పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వే. ఆశీర్వదించడానికి ముందు నువ్వుండాలి కదా, అన్నయ్యా.

కోపం తగ్గని చెల్లెలు,
రమ