ఉదాహరణ: మా టీచర్

మొయినాబాద్, 16-8-2001

అవ్వకు నీ బిడ్డ వనిత దండాలు.

రెండు ఆదివారాలు ఆలూరు రాలేదని ఫికర్ పడకు, బాగానే ఉన్నాను. తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం పరీక్ష పెట్టి, పేపర్లు దిద్దుతూ ఉండిపోయాను. అందులో రక్తహీనత లక్షణాలు రాయమని ఒక ప్రశ్న ఇచ్చాను. మా క్లాసులో అందరూ కంప్యూటరే చదువుతామంటారు గానీ, అజీజ్‌నగర్ తోటమాలి బిడ్డ నీలవేణికి మాత్రం నా పాఠమంటే ప్రాణం. గోళ్లు తెల్లబడటం, ఆయాసం, ఊరికే అలసిపోవడం అని అన్నీ సరిగ్గా రాసి, చివర 'ఉదాహరణ: మా టీచర్' అని పెట్టింది. నాకు కోపం వచ్చి పిలిచి అడిగాను.

"తప్పు రాసిన్నా టీచర్? నాలుగు మెట్లెక్కంగనే గోడ పట్టుకుంటున్నరు. జర దవాఖానకు పోండ్రి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మరునాడే పోయి చూపించుకున్నాను. రక్తం ఏడు గ్రాములే ఉన్నదట. ఇంతమందికి చెప్పిన పాఠం నా ఒంట్లోనే ఉందని నేను కనిపెట్టలేకపోయాను. వారం నుంచి గోలీలు మింగుతున్నాను, ఇప్పుడు జర నయం. ఆ పిల్లకు పూర్తి మార్కులు వేశాను.

బర్రె ఈనిందా? బాపు మోకాలి నొప్పి ఎట్లున్నది? బెల్లం వేసి నువ్వుల ముద్దలు చేసి పెట్టు.

అవ్వా, నువ్వు కూడా బిందె దించగానే గడపలో కూలబడతావు. వయసు అనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఈ ఆదివారం వస్తాను, సోమవారం పొద్దున్నే ఇద్దరం చేవెళ్ల దవాఖానకు పోదాం. తప్పించుకోవడానికి చేనుకు పోయి కూర్చోకు.

బాపుకు దండాలు.

వనిత